తక్కెడకు వచ్చిన సత్తుగిన్నె

హైదరాబాదు నగరపు తూర్పు భాగమున, సైదాబాదు నుండి నాగార్జునసాగరము వైపు పోవు రహదారిమీద చంపాపేట యున్నది. అచ్చటి పాతసామానుల దుకాణములలో, నగరమందలి తక్కిన పేటలలో వలెనే, అల్యూమినియము ఒకే కుప్పగా నుండదు. కరెంటు తీగ తునకలు ఒక వంక, మాడి సొట్టలు పడిన తపేలాలు, మూతలు ఒక వంక. కిటికీ చట్రముల ముక్కలు వేరుగా, మోటారు సైకిలు ఇంజను పెంకులు వేరుగా. పానీయపు డబ్బాలు గోనెసంచులలో. లేతు మిషను క్రింద రాలిన రజను మూలనున్న పీపాలో. రసాయనశాస్త్రజ్ఞుని లెక్కలో ఇవి యన్నియు ఒక్క లోహమే. దుకాణదారుని లెక్కలో ఆరు సరకులు, ఆరు ధరలు. తీగకు మంచి ధర పలుకును; రజనుకు అంతంతమాత్రము.

పాత గిన్నెను తక్కెడలో వేసిన గృహిణికి ఈ ధరల తేడా బేరగాని చమత్కారముగా తోచుట సహజమే. తూనికలో చమత్కారములు ఉండవని మేము పూచీపడజాలము. కాని ధరల తేడా మాత్రము అతడు కల్పించినది కాదు. దాని కారణము లోహపు స్వభావములోనే యున్నది. ఆ స్వభావము సామాన్యజనుల యనుభవమునకు వచ్చిన ఘట్టములలో ఒకటి రెండవ ప్రపంచయుద్ధ కాలమునాటిది. అందు మన హైదరాబాదునకును కొంత పాలు కలదు.

ముందుగా పేరు సంగతి. మన యిండ్లలో అల్యూమినియపు పాత్రను సత్తుగిన్నె యనుట వాడుక. కొన్ని ప్రాంతములలో రంగునుబట్టి సిల్వరు గిన్నె యనియు అందురు. సత్తు అను మాట ఈ లోహముకంటె మనకు చాల ముందుగా పరిచితమైనది. తగరము మొదలగు తెల్లని మెత్తని లోహములను, వాని మిశ్రమములను మనవారు ఆ పేరుతో పిలిచిరి. చారు కాచుటకు ఇంటింట నుండెడి వెనుకటి సత్తుగిన్నె తగరముతో చేసినది. తగరము ప్రియమైనది గనుక అందు చవుకగా దొరకు సీసమును కలుపు మోసమును ఉండెడిది. అదే తెలుపుతో, అంతకంటె తక్కువ ధరకు, తేలికయైన కొత్తలోహము వచ్చినప్పుడు జనులు పాత పేరునే దానికి కట్టబెట్టిరి. సీసపు ప్రస్తావన మరల వచ్చును.

ఆ చవుకదనము మొదటినుండి ఉన్నది కాదు. 1825లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఓర్‌స్టెడ్ వేరుచేసిన ఈ లోహము చాల యేండ్లు రాజభోగ్యమైన వస్తువుగానే యుండెను. 1884లో అమెరికావారు వాషింగ్టను స్మారకస్తంభపు కొనకు 100 ఔన్సుల అల్యూమినియపు శిఖరమును తొడిగినప్పుడు దాని విలువ వెండి విలువకు దగ్గరగా నుండెను. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ, ఒకరినొకరు ఎరుగకయే, విద్యుచ్ఛక్తితో దానిని తీయు పద్ధతిని కనుగొనిరి. రెండేండ్లకు బేయరు అను రసాయనికుడు బాక్సైటు ఖనిజమును శుద్ధిచేయు మార్గమును చూపెను. అంతటితో ధర నేలకు దిగినది.

ధర దిగిన కొద్దియేండ్లలోనే లోహము మన దక్షిణదేశమునకు వచ్చినది. దానిని ఇచ్చటి కంసాలుల చేతికి అందించినవాడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఆంగ్లేయుడు. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడుగా నున్న యీతడు 1898లో మద్రాసు కళాశిల్ప పాఠశాలలో అల్యూమినియపు పాత్రలు చేయు శాఖను తెరచెను. రేకు ఐరోపానుండి దిగుమతి. సుత్తి, దాగలి, పనితనము మనవి. రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి తప్పదు. కళాయి చెదరిన ఇత్తడిలో పులుసు కాచినచో చిలుము పట్టి ఆహారము చెడునని ఆనాటి ప్రతి యిల్లాలికిని తెలుసు. కళాయి అక్కరలేని, బరువు లేని, చిలుము పట్టని పాత్ర యన్నచో కొననివారెవరు? ఈ పని పాఠశాల గోడలు దాటి పెరిగినది. 1900లో మద్రాసున ఇండియన్ అల్యూమినియం కంపెనీ స్థాపింపబడగా, 1903లో పాఠశాలలోని శాఖ దాని వశమయ్యెను. సర్కారు జిల్లాలు, రాయలసీమ ఆనాడు మద్రాసు రాజధానిలోనివే గనుక తెలుగువారికి ఈ పాత్రలు పరిచయమగుట ఆశ్చర్యము కాదు. ఇదే పేరుతో 1938లో ఏర్పడిన కంపెనీ వేరు. అది 1943లో తిరువాన్కూరు సంస్థానమున ఆల్వాయి చెంత లోహమును తీసినది. అనగా నలుబదియేండ్లకు పైగా మన సత్తుగిన్నెలన్నియు పైదేశపు లోహముతో చేసినవే యన్నమాట.

చాటర్టన్ ప్రయత్నమును గురించి మన చరిత్ర గ్రంథములు చెప్పవలసినంతగా చెప్పలేదని మా యభిప్రాయము. పరాయి ప్రభుత్వపు ఉద్యోగియే యైనను, యంత్రపు పోటీకి చితికిన లోహపు పనివారికి కొత్తపని చూపవలెనన్న సంకల్పము అతనిది. అతని కృషిలో మన విషయమునకు ముఖ్యమైన అంశ మొకటి కలదు. రేకు కత్తిరింపగా మిగిలిన ముక్క, చిల్లిపడిన పాత్ర, రెండును ధర పలుకు సరకులే. మాట్లువేయువాడు రెండుమూడు మార్లు బాగుచేసిన పిదప గిన్నె తక్కెడకు పోయెడిది. పాత అల్యూమినియపు వర్తకము పాత్రతోపాటు పుట్టినది.

ఇక యుద్ధము. 1940 జూలైలో బ్రిటనుమీద జర్మను విమానములు దాడి సాగించుచుండగా, విమాన నిర్మాణ మంత్రి బీవర్‌బ్రూక్ ప్రభువు వంటయిండ్లలోని అల్యూమినియపు పాత్రలను దేశమునకు ఇండని స్త్రీలను అర్థించెను. మహిళా స్వచ్ఛంద సేవాసంస్థ అధ్యక్షురాలగు లేడీ రీడింగు అదే విన్నపమును రేడియోలో వినిపించెను. రేడియో మాట ఇంటింటికి చేరి పనిచేసిన తీరునకు ఇదొక యుదాహరణమని మా వంటివారు గర్వముతో చెప్పుకొందురు. వీధివీధిన గిన్నెలు, కెటిలులు గుట్టలు పడెను. ఒక్కొక్క గిన్నెయు ఒక స్పిట్‌ఫైరు విమానపు రెక్కలో చేరునని ఇల్లాండ్రు నమ్మిరి.

అదే వేసవిలో ఇంగ్లండు దక్షిణతీరమున వార్మ్‌వెల్ స్థావరమునుండి స్పిట్‌ఫైరులను నడిపిన దళములలో ఒకటి 152వ హైదరాబాదు దళము. మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళమునుబట్టి దానికి ఆ పేరు కలిగినది. దళపు చిహ్నములో నిజాము ధరించు దస్తారు చిత్రమునే ఉంచిరి. మొదటి యుద్ధకాలమునను, 1918లో, నిజాము సొమ్ముతో సమకూడిన 110వ హైదరాబాదు దళ మొకటి యుండెను. కాని ఆనాటి విమానములు కొయ్య, గుడ్డలతో కట్టినవి. ఇరువదియేండ్లలో విమానపు మేను అల్యూమినియమైనది. మన నగరపు పేరు మోసిన ఆ విమానములకు ఇంగ్లండు వంటయిండ్ల గిన్నెలు పనికివచ్చెనా?

చాల కొద్దిగానే పనికివచ్చెనని చరిత్రకారులు తలంతురు; ఆ పిలుపువలన ప్రజలకు కలిగిన ధైర్యము లోహముకంటె విలువైనదని వారి మాట. దీనికి కారణము గిన్నె లోహము మంచిది కాకపోవుట కాదు. గిన్నెకు వాడు అల్యూమినియము మెత్తనిది, ఇంచుమించు శుద్ధమైనది. విమానపు మేనికి కావలసినది వేరు. 1906 ప్రాంతమున జర్మను శాస్త్రజ్ఞుడు విల్మ్, అల్యూమినియములో నూటికి నాలుగుపాళ్లు రాగియు, కొంచెము మెగ్నీషియమును కలిపి, వేడిచేసి చల్లార్చి కొన్నినాళ్లు ఉంచినచో అది గట్టిపడునని కనుగొనెను. డ్యూరాలుమిను అను ఆ మిశ్రలోహమునకు పాళ్లు చెడరాదు. వీధిలోని గుట్టలో నున్నదేమి? శుద్ధమైన తపేలా, సిలికాను కలిసిన పోతపిడి, ఇనుప మేకులు, అతుకునకు వేసిన టాంకము. వీని నన్నిటిని ఒక్క కొలిమిలో కరగించిన తరువాత విడదీయు టెట్లు?

ఇచ్చటనే ఈ లోహపు అసలు గుట్టు ఉన్నది. బంగారమును అగ్నిలో వేసి శుద్ధిచేయుట మన కంసాలి యెరిగిన విద్య. కొలిమి వేడిమికి, గాలికి, హీనలోహములు ముందుగా కాలి చిట్టెమగును, బంగారము మిగులును. అల్యూమినియము విషయమున ఇది తలక్రిందులు. ఆమ్లజనితో కలియుటయందు ఇనుము, రాగి, సిలికాను, తుత్తునాగములకంటె అల్యూమినియమునకే ఆత్రము హెచ్చు. కొలిమిలో ముందుగా కాలునది అల్యూమినియమే. కల్మషము క్షేమముగా లోపలనే యుండును. మెగ్నీషియమును మాత్రము కొంతవరకు తీసివేయవచ్చును. తక్కిన వానికి శుద్ధలోహమును పోసి పలుచన చేయుట తప్ప వేరు దారి సామాన్యముగా లేదు. కనుక అల్యూమినియమునకు అగ్నిపరీక్ష కొలిమికి ముందే, చేతులతో, కండ్లతో జరుగవలెను. చంపాపేట దుకాణములో ఆరు కుప్పలు వేయుచున్న పనివాడు చేయునది లోహశోధనమే. అతనికి ఎవరును ఆ పేరు పెట్టలేదు.

ఇప్పుడు కుప్పలను చూతము. కరెంటు తీగ అన్నిటికంటె మేలురకము, ఏలనన విద్యుత్తును బాగుగా మోయవలెనన్నచో లోహము నూటికి 99.5 పాళ్లకు తగ్గని శుద్ధత కలిగియుండవలెను. స్తంభములమీద పోవు పెద్ద తీగలలో నడుమ ఉక్కుతీగ యుండును గనుక దానిని లాగివేసిన తరువాతనే ధర. తపేలాలు, పళ్లెములు, మూతలు రేకు జాతి. ఇవియు శుద్ధతలో తీగ తరువాతివే. ప్రెషరు కుక్కరు కొంచెము గట్టి రేకు. ఇండాలియము, హిండాలియము అని మనము పిలుచు బరువుపాత్రలు మెగ్నీషియము, మాంగనీసు మొదలగునవి కలిసిన మిశ్రలోహములు. ఆ పేర్లు కంపెనీల పేర్లనుండి వచ్చి జాతిపేర్లుగా స్థిరపడినవి. కిటికీ చట్రములు మెగ్నీషియము, సిలికాను స్వల్పముగా కలిసినవి. రబ్బరు పట్టీ, ఇనుప మర తీసివేసినచో తిరిగి చట్రములే కాగలవు. ఇంజను పెంకు, పిస్టను, సీలింగు ఫాను గుండు పోతజాతి. కరిగిన లోహము అచ్చులో చక్కగా పారుటకు వీనిలో సిలికాను హెచ్చుగా, కొన్నింట రాగియు, వేయుదురు. పోత తిరిగి పోతకే పోవలెను, రేకుకు పనికిరాదు. రేకు పోతలో కలిసినచో నష్టము తక్కువ; పోత రేకులో కలిసినచో కొలిమి మొత్తము దిగజారును. అందుచేత పోతముక్కను చూచినప్పుడు కొనువాడు ముఖము చిట్లించుట నటన కాదు.

రజను సంగతి చెప్పనక్కరలేదు. సన్నని పొట్టుకు గాలి తగులు మేను ఎక్కువ, నూనె అంటియుండును, సగము కొలిమిలోనే చిట్టెమగును. మందుబిళ్లల పట్టీలు, తినుబండారపు పొట్లముల లోపలి మెరపు ప్లాస్టికుతో అంటుకొని యుండుటచే సామాన్యపు కొలిమికి లొంగవు.

ఈ విభజన విదేశీ వర్తకమునను ఉన్నది. అమెరికాలోని పాతలోహపు వర్తకసంఘమువారు ఒక్కొక్క రకమునకు చిన్న సంకేతనామమును పెట్టిరి. శుద్ధమైన తీగ టాలన్, పాత రేకు టెయింట్ టేబర్, పోత టెన్స్, కొత్త చట్రపు ముక్కలు టాటా, యంత్రముతో చీల్చిన పలులోహముల కలగాపులగము జోర్బా. అచ్చాఫీసులలో వాడిన అల్యూమినియపు పలకలకు టాబ్లెట్ అని పేరు. ఆఫ్‌సెట్ యంత్రముమీద అచ్చగు పత్రికలన్నియు ఆ కుప్పకు తమ పాలు చెల్లించుచునే యున్నవి. ఈ పేర్లతోనే ఓడలకొలది సరకు మనదేశమునకు వచ్చుచున్నది. ఇటీవలి యేండ్లలో ఆ దిగుమతి ఏటా పది లక్షల టన్నులను మించినది.

మన చేతులు దాటిన అల్యూమినియములో నాణెములును ఉన్నవి. 1964, 1965 సంవత్సరములనుండి మూడు పైసలు, రెండు పైసలు, పైసా బిళ్లలు ఈ లోహముతో వెలువడెను. హైదరాబాదు సైఫాబాదు టంకసాలలోను వానిని ముద్రించిరి. పైసా బిళ్ల బరువు 0.75 గ్రాము, ఊదినచో ఎగిరిపోవునని పిల్లలు పరిహాసమాడెడివారు. 2011 జూన్ 30తో పావలాయు, అంతకు తక్కువ నాణెములును చెల్లుబడి కోల్పోయినవి.

పాతలోహమునకు ఇంత గిరాకి ఎందుకని అడుగవచ్చును. ఇంటి కరెంటు బిల్లు చూచుకొనువారికి జవాబు సులభము. ఖనిజమునుండి తీసిన శుద్ధపదార్థమును లోహముగా మార్చుటకు కిలోకు 13 మొదలు 15 యూనిట్ల విద్యుత్తు కావలెను. పాతలోహము 660 డిగ్రీలకు కరగును. దానికి పట్టు శక్తి, ఖనిజమునుండి తీయుటకు పట్టు శక్తిలో నూటికి అయిదు పాళ్లు మాత్రమే. మన విశాఖ మన్యములో బాక్సైటు కొండలు లేకపోలేదు. కాని అవి గిరిజనుల నేలలు. బొర్రా ప్రాంతపు గనుల వివాదమునుండి పుట్టిన సమత కేసులో, షెడ్యూలు ప్రాంతములలోని ప్రభుత్వభూములను గిరిజనేతరులకు గనుల కౌలుకు ఇయ్యరాదని 1997 జూలైలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. జెర్రెల కొండల త్రవ్వకమునకై 2015లో వెలువడిన ఉత్తర్వు తీవ్రనిరసనల నెదుర్కొని, 2019లో రద్దయ్యెను. ఇరుగున నున్న ఒడిశా కోరాపుటు జిల్లాలో మాత్రము 1981లో స్థాపితమైన నాల్కో సంస్థ అటువంటి కొండలనే త్రవ్వుచు, సరకును విశాఖ రేవునుండి పంపుచున్నది. తెలుగునాట నిరాటంకముగా నడచుచున్న అల్యూమినియపు గని పాతసామానుల దుకాణమే.

గని యన్నప్పుడు దాని కల్మషమును గూర్చి యు చెప్పవలెను. ఇంతకు ముందు చెప్పిన సీసపు మాట ఇచ్చట వచ్చినది. కుప్పలు సరిగా వేయకుండ, పాత రేడియేటరు అతుకులు, బ్యాటరీ తునకలు, లేతుమీద సులభముగా తెగుటకై సీసము కలిపిన కడ్డీల ముక్కలు, పాత రంగు పూసిన రేకులు కలిసి కరగినచో సీసము పాత్రలోనికి వచ్చును. చూపునకు ఆ పాత్ర తళతళలాడుచునే యుండును. 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో పది దేశములనుండి తెచ్చిన 42 అల్యూమినియపు పాత్రలలో పలుచని ఆమ్లమును రెండు గంటలు కాచి చూడగా, మూడవవంతుకు పైగా పాత్రలనుండి చెప్పుకొనదగినంత సీసము దిగినది. అమెరికాలోని వాషింగ్టను రాష్ట్రమున ఆఫ్గను శరణార్థుల పిల్లల రక్తములో సీసము హెచ్చుగా నుండుటకు కారణము వెదకినవారు వంటపాత్రలను పరీక్షించి, అల్యూమినియపు పాత్రల దోషమును 2022లో వెల్లడించిరి. 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణసంస్థ దిగుమతియగు కొన్ని అల్యూమినియపు, ఇత్తడి, హిండాలియపు పాత్రలను గూర్చి ఇదే హెచ్చరిక చేసినది. శరీరములో ఇంత సీసమున్నను హాని లేదని చెప్పదగిన మేర యేదియు లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మాట. పసిపిల్లల మెదడునకు దానివలన కలుగు నష్టము తిరిగి పూడదు.

సత్తుగిన్నెలన్నియు విషమని దీని యర్థము కాదు. మంచి మిల్లులో తీసిన శుద్ధమైన రేకుతో చేసిన పాత్రకు ఈ దోషము లేదు. పాత్రలకు వాడవలసిన లోహమునకును, పాత్రలకును భారతీయ ప్రమాణములు చాలకాలముగా ఉన్నవి. 2024 మార్చిలో కేంద్రప్రభుత్వము అల్యూమినియపు పాత్రలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి చేయుచు ఉత్తర్వు వెలువరించినది. చింతపండు పులుసు, గోంగూర, టమాటా వంటి పుల్లని వంటకములను ముద్ర లేని గిన్నెలో గంటలకొలది కాచుట, రాత్రియంతయు నిలువయుంచుట మానవలెను. చవుకగా వచ్చినదని సంతలో కొన్న మందపు పోతపాత్రను మరింత అనుమానింపవలెను. బేగంబజారులో కొన్నను, ఇంటి గుమ్మములో కొన్నను, ముద్ర యేదని అడుగుటకు సంకోచమక్కరలేదు.

చంపాపేటకు సమీపముననే కంచన్‌బాగున 1963లో నెలకొన్న రక్షణ లోహపరిశోధనశాల యున్నది. విమానములకు, క్షిపణులకు కావలసిన మిశ్రలోహములమీద, అల్యూమినియము లిథియముల కూర్పుమీద అచ్చట పరిశోధనలు జరిగినవి. ఇనుము కాని లోహములకై ప్రత్యేకముగా నెలకొల్పిన సాంకేతిక కేంద్రమును ఆ ప్రాంతముననే యున్నది. లోహపు ముక్క మీద కిరణమును ప్రసరింపజేసి అందలి పాళ్లను క్షణములలో చెప్పు పరికరములు నేడు చేతిలో పట్టునంత చిన్నవి వచ్చినవి. పెద్ద వర్తకులు వానిని వాడుచున్నారు. చిన్న దుకాణమునకు ఆ వెల అందదు. అయస్కాంతము, ఆకురాయి, చేతి బరువు, విరిచినప్పుడు కనబడు గరుకు, ఇవియే అక్కడి సాధనములు. అనుభవజ్ఞులు గీరిన చోట కాస్టికు సోడా చుక్క వేసి చూతురు: రాగి హెచ్చుగా కలిసిన ముక్క నల్లబడును, శుద్ధమైనది తెల్లగా నిలుచును.

మీ గిన్నె వచ్చినప్పుడు ఆ దుకాణపు పనివాడు మొదట చేయునది పిడిని చూచుట. పిడి ఇనుపదియైనను, పోతదియైనను సుత్తితో మేకులు ఊడగొట్టి వేరుచేయును. అడుగున మాటు ఉన్నదా యని త్రిప్పి చూచును. ఉన్నచో ఆ ముక్కను కత్తిరించి పారవేయును. అటుపిమ్మట అయస్కాంతము త్రిప్పి, రేకుల కుప్పమీద విసరును. పిడిని, మేకులను ఇంటిలోనే తీసి ఇచ్చినవారికి తరుగు పేర తగ్గింపు అడుగుట అతనికి కుదరదు.